బిగిసిందా? అయితే సరిపోయినట్టే!

పాత పోర్షే 944 కొన్నవాడి శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు వంగిపోతాయని తెలిసి దానికి పుట్టినరోజులు జరుపుతాడు. ఆయిల్ ఏ గ్రేడు పోయాలన్న దాని మీద స్నేహాలు తెంచుకుంటాడు. చక్రాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం శాస్త్రమంతా ఒక్క ముక్కలో తేలిపోతుంది: నట్లు బిగిశాయి, కాబట్టి సరిపోయింది!

నట్లకేం, అవి ఎక్కడైనా బిగుస్తాయి. 130 మిల్లీమీటర్ల వృత్తం మీద అయిదు రంధ్రాలు ఉంటే చాలు. 1983 నాటి 944 చక్రం 1988 నాటి కారుకు తగిలిస్తే అభ్యంతరం చెప్పకుండా కూర్చుంటుంది. అభ్యంతరమల్లా కారుకే. దాన్నెవరు అడిగారు?

రిమ్ము వెడల్పుకు నట్టనడుమ ఒక గీత ఊహించుకుంటే, అక్కడి నుంచి చక్రం హబ్బుకు ఆనే ముఖం దాకా ఉన్న దూరమే ఆఫ్‌సెట్. జర్మన్లు దాన్ని ‘ఈటీ’ అని చక్రం మీదే అచ్చువేస్తారు. అంకె పెరిగితే చక్రం లోపలికి పోతుంది, తగ్గితే బయటికి పొడుచుకొస్తుంది. తొలినాటి 944లకు ఈ అంకె దాదాపు 23. 1987 మోడల్‌తో ఏబీఎస్ బ్రేకులు వచ్చాయి, సస్పెన్షన్ కొలతలు మారాయి, ఆఫ్‌సెట్ 50 దాటింది. బయటి రేకు మాత్రం చూడటానికి అదే. మోసపోవాలని ముచ్చటపడేవాడికి ఇంతకన్నా అనుకూలం ఏముంటుంది?

ఇంజనీర్లు ఊసుపోక మార్చలేదు. స్టీరింగ్ తిప్పితే చక్రం ఒక ఏటవాలు అక్షం చుట్టూ తిరుగుతుంది. ఆ అక్షం నేలను తాకే చోటుకూ టైరు నడిమికీ ఉన్న ఎడం బ్రేకు వేసినప్పుడు పని చూపిస్తుంది. ఒక చక్రం తడి మీద, మరొకటి పొడి మీద ఉన్నప్పుడు కారు తిన్నగా ఆగుతుందా, స్టీరింగ్‌ను చేతిలోంచి లాగేస్తుందా అన్నది ఆ ఎడాన్ని బట్టి కూడా ఉంటుంది. ఈటీ 52 తీసి ఈటీ 23 పెడితే అది ఒక్క దెబ్బకు 29 మిల్లీమీటర్లు జరిగిపోతుంది.

అంతటితో ఆగితే అభిమాని ఎలా అవుతాడు? చక్రం వెడల్పుగా కూడా ఉండాలి. 7 అంగుళాల రిమ్ము బదులు 8 అంగుళాలది వేస్తే చెరో పక్క 12.7 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే బయటి అంచు దాదాపు 42 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. ఫెండర్ అంచుకు టైరు రాసుకుంటుంది. దీనికీ మందుంది: ఫెండర్ లోపలి అంచును వేడిచేసి మడిచెయ్యడం. చెప్పు బిగుతుగా ఉందని కాలి వేళ్లు చెక్కుకోవడం లాంటి వైద్యమిది. అప్పటికీ తగులుతుంటే చక్రం పైభాగాన్ని లోపలికి వంచేస్తారు. టైరు లోపలి అంచు ముందే అరిగిపోతుంది. ఈ మొత్తం కార్యక్రమానికి ‘స్టాన్స్’ అని పేరు.

ఎదురు దిక్కున వెళ్లే భక్తులూ ఉన్నారు. తొలినాటి కారుకు కొత్త చక్రాలు తగిలించి, అవి మరీ లోపలికి పోతే స్పేసర్ వేస్తారు. హబ్బు మీద సరిగ్గా కూర్చునే స్పేసర్, దాని మందానికి తగ్గ పొడుగు స్టడ్లు ఉంటే ఈ పద్ధతికి వంక పెట్టలేం. అయితే ‘ఏ కారుకైనా పనికొస్తుంది’ అనే స్పేసర్ చవక. పాత స్టడ్డు చివర రెండు మరలు పట్టినా ‘బిగిసింది’ లెక్కలోకే వస్తుందాయె.

జర్మనీలో ఇలాంటి చక్రాలకు అనుమతి పత్రం చూపాలి. తనిఖీదారు ఈటీ అంకె చదువుతాడు, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పిస్తాడు. ‘నట్లు భేషుగ్గా బిగిశాయండీ’ అన్న వాదనకు ఆయన దగ్గర గడి లేదు. అమ్మకందారులు అంతకన్నా ఉదారులు. ప్రకటనలో వ్యాసం ఉంటుంది, మెరుగుపెట్టిన సంగతి ఉంటుంది, ‘944కు సరిపడును’ అని హామీ కూడా ఉంటుంది. చక్రం వెనకవైపు ఫొటో మాత్రం ఉండదు. ఈటీ అచ్చు పడేది అక్కడే మరి.