ఐలమ్మకు పాస్‌బుక్ ఉందా?

2025 జూన్. చిట్యాల చాయ్ కొట్టు దగ్గర ఫోన్లన్నీ టింగుమన్నాయి. సర్కారు పెట్టుబడి సాయం, రైతు భరోసా పడింది. మా కౌలు బావ ఫోనూ మోగింది. చూసి, "పదిహేను వందలన్నా" అని చాయ్ ఊదుకున్నాడు.

లెక్క పక్కా. బావకు పట్టా ఉన్నది పది గుంటలు. ఎకరానికి సీజన్‌కు 6,000 చొప్పున ఆయన వాటా అంతే. అప్పటి ధర 901 రూపాయలు పెడితే ఒక పత్తి గింజల ప్యాకెట్. మిగిలిన 599కి అప్పుడు 1,350 ఉన్న డీఏపీ బస్తాలో సగం కూడా రాదు.

బావ దున్నేది మాత్రం నాలుగెకరాలు, కౌలుకు. ఆ నాలుగెకరాల 24,000 ఉప్పల్‌లో పడ్డాయి. పట్టాదారు గారు అక్కడ రెండో అంతస్తులో పూలకుండీలకు నీళ్లు పోస్తూ వ్యవసాయంలో కొనసాగుతున్నారు. ఆయన్ని అనడానికి లేదు. ఆయన అడగలేదు, సర్కారే అడ్రసు వెతుక్కుంటూ వెళ్లింది. సాయంత్రం ఆయనే బావకు ఫోన్ చేశారు: "వానలు పడ్డయా? భరోసా వచ్చే భూమాయె, వచ్చేసారి కౌలు ఎకరానికి ఇంకో వెయ్యి చూడాలె మరి."

రెండెకరాల పట్టా ఉన్న పక్కింటాయనకు ఈ డబ్బు నిజంగానే అక్కరకొచ్చింది. గింజలకు షావుకారు గడప ఎక్కే పని తప్పింది. అది కాదనను. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు చెక్కులు పంచినప్పుడు ఎకరానికి 4,000. తర్వాత 5,000. 2025లో 6,000. మధ్యలో సర్కారు మారింది, పథకం పేరు మారింది. సొమ్ము వెళ్లే దారి మారలేదు. అది పాస్‌బుక్‌ను చూస్తుంది, చేతుల్ని చూడదు. గుట్టలకు, రోడ్లకు, ప్లాట్లు కొట్టిన వెంచర్లకు కూడా రైతుబంధు పోయిందని కొత్త సర్కారే చెప్పింది. అంటే గుట్ట కూడా రైతే. బావ మాత్రం ఇంకా పరిశీలనలో ఉన్నాడు.

2022 మే 6న వరంగల్ సభలో కాంగ్రెస్ వాళ్లు రైతు డిక్లరేషన్ చదివారు. రైతులకే కాదు, కౌలు రైతులకు కూడా ఏడాదికి ఎకరానికి 15,000 అన్నారు. బావ ఆ సభకు వెళ్లొచ్చాడు. పదిహేను కాస్తా పన్నెండైంది. 'కౌలు' అన్న మాట వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లే తొవ్వలో ఎక్కడో దిగిపోయింది.

"పోనీ బావా, కూలీలకిచ్చే ఆత్మీయ భరోసా ఉంది కదా?" అన్నాను.

"అది భూమి లేనోళ్లకన్నా. నాకు పది గుంటలున్నయ్."

రైతు అనడానికి భూమి చాలదు, కూలీ అనడానికి భూమి ఎక్కువైంది. ఇంత కచ్చితంగా మధ్యలో నిలబడటం ఏ పార్టీకీ చేతకాలేదు.

మా ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న ఒకావిడ గుర్తొచ్చింది. చిట్యాల ఐలమ్మ. పాలకుర్తిలో మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు పట్టి, అందులో నాలుగెకరాలు సాగు చేసింది. పంట మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల్ని పంపితే, ఆంధ్ర మహాసభ సంఘం అండతో ఒక్క గింజ పోనివ్వలేదు. ఆవిడే ఇవాళ రైతువేదికకు వచ్చిందనుకోండి.

"అవ్వా, పాస్‌బుక్ ఉందా?"

"పంట ఉంది బిడ్డా."

"పంట ఎక్కించే కాలమ్ లేదవ్వా. పట్టా ఎవరి పేరు మీదుంది?"

"మల్లంపల్లి దొర పేరు మీద."

"అయితే వారి అకౌంట్ నంబర్ చెప్పు."

ఏడాదికి నాలుగెకరాలకు 48,000 దొర ఖాతాలో జమ. పాతకాలం దొరలు అమాయకులు. కర్రలిచ్చి మనుషుల్ని పంపి, కేసులు పెట్టి నానా తంటాలు పడ్డారు. ఒక ఆధార్, ఒక పాస్‌బుక్ ఉంటే ఇంట్లో కూర్చుంటే సరిపోయేది.

ఆవిడంటే సర్కారుకు గౌరవం లేదని మాత్రం ఎవరూ అనలేరు. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆవిడ పేరే పెట్టారు. ఏటా సెప్టెంబర్ 26న జయంతి అధికారికంగా చేస్తారు. విగ్రహానికి పాస్‌బుక్ అడగరు.

బావ చాయ్ పైసలిచ్చి లేచాడు. చేనుకు పోవాలి. పత్తి చుట్టూ బంతి నారు పెట్టాలి. కాయ తొలిచే తల్లి పురుగు ముందు బంతి మీద వాలితే పత్తి కొంత బతుకుతుంది. సెప్టెంబర్‌కు పూస్తాయి.

"పూలేం చేస్తవు బావా?"

"జయంతికి దండలు గుచ్చేటోళ్లు తీస్కపోతరు."

అట్లా కౌలు చేను పువ్వొకటి ఏటా ఐలమ్మ మెడలో పడుతుంది. దానికి పాస్‌బుక్ అక్కర్లేదు.