ఏడున్నర దాటిన సోదరీభావం

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం ప్రాంతాల నుంచి ప్రతి ఉదయం కళాశాల బస్సులెక్కి నగర శివార్లకు వెళ్ళే ఇంజినీరింగ్ విద్యార్థినుల లోకంలో ఇటీవల స్థిరపడుతున్న ఒక సిద్ధాంతం ప్రకారం, చెలిమికి కనీసార్హత సీజీపీఏ ఏడున్నర. సీజీపీఏ అనగా అన్ని సెమిస్టర్లలో సంపాదించిన గ్రేడ్ పాయింట్లను క్రెడిట్ల లెక్కన సగటు తీసి పదికి చూపే సంఖ్య. మహిళా కోడింగ్ క్లబ్బులని, సాంకేతిక సంఘాల విద్యార్థి శాఖలని రకరకాల పేర్లతో వెలసిన సమూహాలు తమను ఒకరికొకరు అక్కాచెల్లెళ్ళుగా ఉండే కుటుంబమని చాటుకుంటూనే, బ్యాక్‌లాగు, అంటే తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు, ఒక్కటున్నా ఆ కుటుంబంలో చోటు లేదని దరఖాస్తు ఫారంలోనే తేల్చిచెబుతాయి. ఏడున్నర అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది ఏలిననాటి శని కావడం కేవలం యాదృచ్ఛికమని ఆ సంఘాల నిర్వాహకుల తరఫున ఇక్కడే ఒప్పుకోవచ్చు.

ఈ ఆచారానికి పుట్టినిల్లు అమెరికా. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఎన్నిక మీద చేర్చుకొనే విద్యార్థినుల సంఘాలను సోరారిటీలంటారు. వాటిలో ప్రధానమైన వాటి సమాఖ్య 1902లోనే ఏర్పడింది. మొదటి ఏడాది అమ్మాయిని బడిలో వచ్చిన గ్రేడ్లతో తూచే ఈ సంఘాలు, రెండో ఏటో మూడో ఏటో వచ్చినదాన్ని మాత్రం కళాశాల గ్రేడ్లతో తూస్తాయి, కొన్నిచోట్ల పైతరగతుల వారికి స్థానాలు కూడా విడిగా లెక్కగడతాయి. దీనికి కారణాలు బహిరంగమే: అనేక విశ్వవిద్యాలయాలు ఏ సంఘానికి ఎంత సగటు వచ్చిందో ప్రతి సెమిస్టరు ప్రకటిస్తాయి కనుక ఒక్క తక్కువ గ్రేడు అందరి పరువుకూ ముడిపడుతుంది, పైగా ఆలస్యంగా చేరినవారు చందా కట్టే ఏళ్ళు తక్కువ. దక్షిణాసియా సంతతి అమ్మాయిల కోసం 1998లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన డెల్టా ఫై ఒమేగా వంటి సంఘాలతో మన పిల్లలకూ ఈ సంప్రదాయంలో వాటా దక్కింది. ఉప్పల్ నుంచి ఎంఎస్‌కు వెళ్ళిన అమ్మాయికి మాత్రం, ఇవి ప్రధానంగా డిగ్రీ విద్యార్థినులవి కనుక, ఆ తలుపు దాదాపు మూసే ఉంటుంది; ఆమెకు మిగిలేది తెలుగు సంఘాలు, అక్కడ గ్రేడు ఎవరూ అడగరు, ఊరూ ఇంటిపేరూ చెబితే మిగతాది వాళ్ళే ఊహించుకుంటారు.

అమెరికా లెక్కలో కనీసం చందా ఉంది. ఇక్కడి లెక్కలో అదీ లేదు. దాని అసలు అందం ఈసెట్ విద్యార్థిని విషయంలో బయటపడుతుంది. పదో తరగతి తర్వాత రామంతాపూర్ జె.ఎన్. ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి చోట మూడేళ్ళ డిప్లొమా పూర్తిచేసి, గణితానికి 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు 25 చొప్పున, సొంత బ్రాంచికి 100 మార్కులు కేటాయించిన ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, నేరుగా బీటెక్ రెండో ఏట అడుగుపెట్టే అమ్మాయిని లాటరల్ ఎంట్రీ విద్యార్థిని అంటారు. ఆమెకు మొదటి ఏడాది లేదు; కాబట్టి క్లబ్బులు సభ్యత్వానికి పిలిచే తొలి వారాల్లో ఆమెకు సీజీపీఏ అనే వస్తువే ఉండదు. దరఖాస్తులో అంకె తప్ప మరేదీ ఒప్పుకోని గడి ముందు ఆమెకున్న దారులు రెండు: సున్నా అని రాసి అనర్హురాలు కావడం, డిప్లొమా శాతాన్ని పదితో భాగించి అబద్ధాలకోరు కావడం. అప్పటికే మూడేళ్ళు లేత్ యంత్రం దగ్గరో సర్క్యూట్ బోర్డు దగ్గరో గడిపి, నాచారం పారిశ్రామికవాడలో శిక్షణ కూడా పొందివచ్చిన పిల్ల చేతి పనిని కొలిచే గడి ఆ ఫారంలో ఎక్కడా కనబడదు.

సంఖ్య మీద ఇంత భక్తి గలవారికి ఆ సంఖ్య స్వభావమైనా తెలిసి ఉండాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 నిబంధనల్లో సీజీపీఏ నుంచి అర తీసి పదితో హెచ్చిస్తే శాతం వస్తుంది, అంటే ఏడున్నర డెబ్బై శాతమే. అదే ఏడున్నరను నేరుగా పదితో హెచ్చించి డెబ్బై అయిదని చెప్పుకొనే సభ్యులు కనీసార్హతను కాపాడుతున్న సంఘాల్లోనే దొరుకుతారు.

ఇంతటి వడపోత తర్వాత ఎంపికైన మేధావులు చేసే పని పోస్టరు గీయడం, అతిథికి శాలువా కప్పడం, చప్పట్లు తగ్గకుండా చూడడం. ఈ పనులకు డెబ్బై శాతం ఎందుకన్న ప్రశ్నకు జవాబు న్యాక్ దస్త్రాల్లో ఉంది: కళాశాలలకు గ్రేడునిస్తూ వచ్చిన ఆ సంస్థ ఏడు ప్రమాణాల్లో అయిదవది విద్యార్థులకు అందే చేయూతకూ వారి పురోగతికీ సంబంధించినది, దాని కింద చూపడానికి కార్యక్రమాలూ ఫోటోలూ కావాలి. గ్రేడు కోసం తపించే కళాశాల, గ్రేడు అడిగే క్లబ్బు, గ్రేడు ఇంకా పుట్టని విద్యార్థిని ఈ వరుసలో ఒకరి వెనుక ఒకరు నిలబడతారు.

ఫలితాలు వచ్చి ఎనిమిదిన్నర చేతికందేసరికి ఆ అమ్మాయి మూడో ఏటికి చేరువవుతుంది. అప్పుడు క్లబ్బు నోటీసులో మొదటి, రెండో సంవత్సరాల వారికి మాత్రమే ప్రవేశమని ఉంటుంది. నాలుగో ఏట ప్రాంగణ నియామకాల్లో ఆమెకు ఉద్యోగం వచ్చాక మాత్రం అదే క్లబ్బు ఆమెను ఆహ్వానించి, జూనియర్లకు స్ఫూర్తిదాయక ప్రసంగం చేయించి, తమ అక్క అని పరిచయం చేసి, ఆ ఫోటోను అయిదవ ప్రమాణం కింద భద్రపరుస్తుంది.