కొండంత ఆదాయం

పూర్వం మా అనకాపల్లి పక్క కొండ కనిపిస్తే చేతులెత్తి దండం పెట్టేవారు. ఇప్పుడు టేపు తీసి కొలత పెడుతున్నారు. ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఎన్ని టిప్పర్లు, సర్కారుకి కట్టే సీనరేజి ఎంత! మార్టూరు వైపు నల్లరాయి, నాథవరం వైపు లేటరైటు, మిగతా చోట్ల గ్రావెలు. 2022 ఏప్రిల్‌లో జిల్లా పుట్టింది. బిడ్డకి మొలతాడు కట్టకముందే ఒంటిమీద బంగారం ఎంతుందో తూకం వేసేసినవారూ ఉన్నారు. ఇంత సంపద కాళ్లకింద పెట్టుకుని ఇంకా ఈ బీదతనమేటి బాబూ అని వారి ఆవేదన.

వారి లెక్కల తీరు నాకు చాలా నచ్చింది. కొండ తవ్వి అమ్మితే వచ్చిన డబ్బుని ‘ఆదాయం’ అంటారు. మా వీధిలో ఒకాయన తాతగారి పొలం అమ్మేసి మోటారు సైకిలు కొన్నాడు. ఈ ఏడు పంట ఎలా ఉందని అడిగితే, ‘దివ్యంగా పండింది, బండి కూడా కొన్నాను’ అనలేదు పాపం. అతనికి అర్థశాస్త్రం రాదు.

మనకి చేతకాని ఇంకో వ్యాపారం బెల్లం. చెరకు పరిశోధన కేంద్రం ఇక్కడ పెట్టింది 1913లో. అప్పటినుంచీ మన శాస్త్రజ్ఞులు చెరకు గడల చుట్టూ తిరుగుతూ కాలం వృథా చేశారు. నరికేవాడికి కూలి, గానుగ ఆడించేవాడికి కూలి, పెనం దగ్గర నిలబడేవాడికి కూలి, మార్కెట్టులో దిమ్మలు మోసే కళాసీకి కూలి. ఇన్ని చేతులకి డబ్బు పంచుకుంటూ పోతే ఎవరు మాత్రం బాగుపడతారు? ఒక పొక్లెయిను, నాలుగు టిప్పర్లు ఉంటే ఈ గోలంతా లేదు. తుమ్మపాల, ఏటికొప్పాక చక్కెర మిల్లులు మూతపడ్డప్పుడు ఎవరూ ‘సంపద పోయింది’ అని గుండెలు బాదుకోలేదు. కొండ తవ్వొద్దంటే మాత్రం అభివృద్ధి ఆగిపోతుంది. ఒక్క చిన్న తేడా ఉంది. నరికిన చెరకు మోడు నుంచి కార్శి తోట లేస్తుంది. కొండకి కార్శి లేదు.

ఖనిజం మీద నమ్మకం ఎంత గట్టిదో చూడాలంటే మాకవరపాలెం మండలం రాచపల్లి వెళ్లాలి. 2007లో గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాతో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. జెర్రెల కొండల బాక్సైటు వస్తుందన్న భరోసాతో, ఏడాదికి 15 లక్షల టన్నుల అల్యూమినా తీసే శుద్ధి కర్మాగారం ఇక్కడ లేచింది. పందిరి వేశారు, మేళం పెట్టారు, పెళ్లికొడుకుని పీటలమీద కూర్చోబెట్టారు. పిల్లనడగడం ఒక్కటే మరిచారు. ఆ పిల్ల చింతపల్లి అడవిలో, రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు నీడలో ఉంది. గిరిజన ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి గనులు కుదరవని సుప్రీంకోర్టు 1997లోనే సమత కేసులో చెప్పింది. ప్రభుత్వ సంస్థ తవ్వినా, నికర లాభంలో కనీసం ఐదో వంతు అక్కడి జనానికి శాశ్వత నిధిగా పెట్టమంది. 2015 నవంబరులో బాక్సైటు తవ్వకానికి అనుమతిస్తూ జీవో 97తో 1,212 హెక్టార్ల అడవికి తాళి కట్టబోతే, గిరిజనులు కొండలు దిగి వచ్చి అడ్డం నిలబడ్డారు. 2019లో ఆ అనుమతులు రద్దయ్యాయి. పెళ్లికొడుకు ఏళ్ల తరబడి పీటలమీదే మిగిలాడు. తర్వాత నాథవరం దగ్గర తవ్వుతున్నది లేటరైటా, ఆ పేరుతో బాక్సైటా అని 2021లో పార్టీలు కొట్టుకున్నాయి. ఊరివారి బాధ వేరు. రాయి పేరేదైనా టిప్పరు దుమ్ముకి రంగొక్కటే.

ఇది మనకొక్కరికే పట్టిన గ్రహం కాదు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బాక్సైటు నిల్వలున్న గినీ, ఐక్యరాజ్య సమితి రాసుకున్న అత్యంత వెనకబడిన దేశాల చిట్టాలో ఉంది. నౌరు అనే బుల్లి దీవి ఫాస్ఫేటు అమ్మి అమ్మి ఒకప్పుడు ప్రపంచంలోని ధనికుల వరసలో కూర్చుంది. 1993లో ఆ డబ్బుతో లండన్‌లో ఒక సంగీత నాటకం కూడా వేయించింది. నాటకం తేలిపోయింది, ఫాస్ఫేటు తరిగిపోయింది. 2001 వచ్చేసరికి ఆస్ట్రేలియా వద్దన్న శరణార్థులకి బస ఇచ్చి బతుకు ఈడ్చింది. విచిత్రంగా రిచర్డ్ ఆటీ అనే ఆర్థిక భూగోళశాస్త్రవేత్త ఈ జబ్బుకి ‘వనరుల శాపం’ అని పేరు ప్రచారంలోకి తెచ్చింది కూడా ఆ 1993లోనే.

జబ్బు లక్షణాలు తెలుసుకోడానికి ఆయన దాకా వెళ్లక్కర్లేదు. గని డబ్బు ఊళ్లోకొస్తే కూలి పెరుగుతుంది, భూమి ధర పెరుగుతుంది. చెరకు నరకడానికి మనిషి దొరకడు, గానుగ పడుకుంటుంది. పన్ను కట్టే రైతూ వ్యాపారీ అక్కర్లేని సర్కారు, వాళ్లకి జవాబు చెప్పడం కూడా మానేస్తుంది. రేపు రాయి ధర పడిపోతే క్వారీ ఆగుతుంది. అప్పటికి గానుగ ఆడించడం తెలిసినవాడు హైదరాబాద్‌లో వాచ్‌మన్.

మరి నార్వే ఎలా బాగుపడింది అంటారా? చమురు డబ్బుని ఆదాయం అనుకోలేదు కాబట్టి. అసలు దాచిపెట్టి, దానిమీద వచ్చే రాబడి తినాలని కట్టుబాటు పెట్టుకుంది. మనకీ 2015 చట్టంతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. దాని పద్దు ఊరి రచ్చబండ మీద ఎవరైనా చదివి వినిపించగా మీరు విన్నారా? నేనయితే వినలేదు.

కొండను తవ్వి ఎలుకను పట్టారని పెద్దలు ఎగతాళి చేశారు. ఆ తవ్వినవాళ్లే నయం, ఎలుకని ఊరందరికీ చూపించారు.

అనకాపల్లి పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. ఏ వెయ్యేళ్లకి పూర్వమో బౌద్ధులు ఉలి పట్టుకుని ఆ కొండ రాయిలో గుహలు తొలిచారు, స్తూపాలు నిలబెట్టారు. వాళ్లూ కొండని తవ్వినవాళ్లే. కాని తవ్వాక కొండ మిగిలింది. దానికి గౌరవంగా పురావస్తు శాఖ బోర్డు కూడా పెట్టారు.

తవ్వేసిన ప్రతి కొండ దగ్గరా అలాంటి బోర్డే ఒకటి పెట్టాలని నా మనవి. రెండు వాక్యాలు చాలు: ‘ఇక్కడ కొండ ఉండేది. దాన్ని అమ్మిన డబ్బుతో మేము కట్టుకున్నది ఇది.’ రెండో వాక్యం పక్కన ఒక బాణం గుర్తు వేయాలి. అది ఎటు చూపించాలన్నదే పేచీ.