ఊరు ఎవరి యిష్టము? బస ఎవరి తప్పు?

వేసవి సెలవులు సమీపించునప్పటికి తెలుగునాట ప్రతి సంసారియు భూగోళ శాస్త్రవేత్త యగుట చిరకాలముగా నేను గమనించుచున్న వింత. ఏడాది పొడుగునా కూరగాయల అంగడి ఏ సందులో నున్నదో యెరుగని మహానుభావుడు సైతము, ఎండలు ముదిరిన తోడనే, ఉదకమండలము సముద్రమట్టమునకు 2,200 మీటర్ల పైచిలుకు ఎత్తున నున్నదనియు, మన మదనపల్లె చెంతనున్న హార్సిలీ కొండలు అందులో సగమును కొంచెము మించి యుండుననియు, చల్లదనము ఎత్తును బట్టి వచ్చును గాని ఖర్చును బట్టి రాదనియు, విసనకఱ్ఱ విసరుకొనుచు ఉపన్యసింప మొదలిడును.

మా యింట ఈ విషయమై జరుగు సభకు మా మామగారు అధ్యక్షులు. వారు ఉదకమండల పక్షపాతులు. అందును ఆ యూరికంటె ఆ యూరికి పోవు రైలుబండియందే వారికి మక్కువ యెక్కువ. మేట్టుపాళయము నుండి 46 కిలోమీటర్ల దారిలో నిటారైన భాగమున పట్టాల నడుమ పళ్లపట్టీ యమర్చి, దానిని ఇంజను చక్రము కఱచి పట్టుకొని కొండ నెగబ్రాకు విధమును, 2005లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన వైనమును, వారు తామే ఆ పట్టీ నమర్చి వచ్చినంత ధీమాతో వర్ణించుచుండగా, మా ఆవిడ తలుపువార నుండి, "నలభై ఆరు కిలోమీటర్లకు అయిదు గంటలట. అంతసేపు ఈ పిల్లలను బండిలో పట్టుకు కూర్చునేది ఎవరండీ?" అని యొక ప్రశ్న వేసెను. బండి అచ్చటనే ఆగిపోయెను.

మా బావమరిది అరకులోయ నామమును ప్రతిపాదించెను. యాభైకి పైబడిన సొరంగములు గల కొత్తవలస–కిరందుల్ మార్గమున ప్రయాణమనగానే పిల్లలు ఏకగ్రీవముగా బలపరచిరి. సొరంగమున చీకటి కమ్మినప్పుడెల్ల పెట్టెలోని బాలబాలికలందఱును గొంతు చించుకొని యరచుట ఆ మార్గమున అనూచానముగ వచ్చుచున్న ఆచారము. అత్తగారు తమలపాకు ఈనె తీయుచు, "అల్లుడుగారూ, సొరంగం వచ్చినప్పుడల్లా వీళ్లు అరుస్తారు. అరకు చేరేసరికి నాకు చెవులుండవు. తరువాత మీ యిష్టం" అనిరి.

ఇంతలో మైసూరు మాట వచ్చెను. పాత కొయ్యభవనము 1897లో అగ్నికి ఆహుతి యయిన పిమ్మట కట్ట మొదలిడి 1912లో ముగించిన రాజప్రాసాదమును, చాముండి కొండమీది పెద్ద నందిని, బృందావన తోటలను నేను ఏకరువు పెట్టితిని. పట్టుచీరలను మాత్రము నేను ప్రస్తావింపలేదు, మా ఆవిడయు ప్రస్తావింపలేదు, అయినను ఆమె ముఖము వికసించెను. "మీ యిష్టం" అని యెల్లరును ముక్తకంఠముగ బలికిరి. పైకి చూచువారికి తీర్మానము ఆమోదింపబడినట్లుండును. నిజమునకు ముద్దాయి నిర్ణయింపబడినాడు.

ఊరు కుదిరిన పిమ్మట బస. ఊరిని కన్నులు ఎన్నుకొనును గాని బసను మోకాళ్లు, నడుము, కడుపు ఎన్నుకొనును. మామగారికి అయిదు గంటలకు కాఫీ, అత్తగారికి మెట్లు లేని గది, వెల్లుల్లి లేని వంట, పిల్లలకు ఈతకొలను, మా ఆవిడకు వేడినీళ్లు. ఇన్నిటికిని సరిపడు హోటలును చేతిలోని ఫోనునందు వెదకుట, ఫోటో చూచి సంబంధము ఖాయపరచుకొనుట వంటిదే: ఛాయాచిత్రమున మైదానమువలె విశాలమైన గది, తలుపు తీసి చూచునప్పటికి మంచమును చుట్టి వచ్చుటకు మనిషి పక్కవాటుగా నడవవలసినంత యుండును. "రాజభవనమునకు నడచిపోవు దూరము" అని వ్రాయుదురు. ఆ నడచువాడు ఎవడో వ్రాయరు. అంతకు ముందు బస చేసినవారి యభిప్రాయములు చదివితిమా, ఒకే గదిని ఒకడు స్వర్గమనును, మఱియొకడు నరకమనును. ఇరువురును నల్లులను గూర్చి మాత్రము మౌనము వహింతురు.

తెల్లవారుజామున రైలు దిగి మేము హోటలు చేరితిమి. హోటళ్లలో పెక్కింటికి దినము సూర్యోదయముతో గాక మధ్యాహ్నము పన్నెండింటికి ఆరంభమగును గనుక, మామగారు పెట్టెమీదను, అత్తగారు హోల్డాలుమీదను ఆసీనులై, గుమాస్తా వెనుక చిలుకకొయ్యలకు వ్రేలాడు పరుల గదుల తాళపుచెవులను రెప్పవాల్చక చూచుచుండిరి. ఎట్టకేలకు గది లభించెను. స్నానాలగది తలుపుమీద "వేడినీళ్లు ఉదయము 6 నుండి 9 వరకు" అని కాగితము అంటింపబడియుండెను. మరునాడు ఆరు గంటలకు కొళాయి త్రిప్పగా చన్నీళ్లే వచ్చుచుండెను. కుఱ్ఱవానిని పిలిచిన, వాడు "బరుత్తె సార్" అని చిఱునవ్వు నవ్వి పోయెను. వాడన్నట్లు వేడినీళ్లు వచ్చెను; అప్పటికి మేమందఱము చన్నీటి స్నానము ముగించియుంటిమి.

అది మొదలు దిండు ఎత్తయినను, సాంబారు తీపియైనను, దోమ కుట్టినను అందఱి చూపులును నావైపే తిరుగుచుండెను. రాజప్రాసాదపు దీపాలంకారము ఆదివారము సాయంకాలము ఉండునని ఆనాటికి సరిపడ ప్రయాణము కూర్చితిని. ఆదివారపు జనసమ్మర్దమునకును నన్నే బాధ్యుని గావించిరి. ఏడు గంటలకు లక్షకు చేరువైన దీపములు ఒక్క పెట్టున వెలిగి, ఆ ప్రాసాదపు గుమ్మటములును తోరణములును బంగారు గీతలై చీకటిలో నిలువగా, అత్తగారు సైతము మోకాళ్ల మాట మఱచి, "ఎంత బాగుందో!" అనిరి. మామగారు చేతులు జోడించి, "మహారాజులంటే వాళ్లండీ!" అనిరి. దీపముల ఘనత ఒడయరు ప్రభువులకు, దోమల బాధ్యత నాకు సంక్రమించెను.

కావున విహారయాత్రయందు సుఖపడగోరువాడు మంచి యూరిని ఎన్నుకొనుట కాదు, ఎన్నుకొనువాడు తాను కాకుండ చూచుకొనవలెనని నా సిద్ధాంతము. రాబోవు వేసవికి ఎక్కడకు పోదము బావగారూ యని మా బావమరిది ఇప్పటినుండియే అడుగుచున్నాడు. కొడైకెనాలన్నచో పిల్లలకు చలి, పూరీయన్నచో అత్తగారికి ఉక్క, కాశీయన్నచో మండుటెండ. మూడింటికిని ఆక్షేపణలు సిద్ధముగా నున్నవి. ఊరి పేరు మాత్రము అతని నోటనే రావలెను.