ఇచ్చట తప్పులు దిద్దబడును

"తెలుగు భాష యొక్క ప్రాముఖ్యతను గూర్చి వ్యాసము వ్రాయుము." ఈ ప్రశ్న తయారుచేసిన మహానుభావులకు ముందుగా ఒక దండం. ఎనిమిదో తరగతి పిల్లాడి మీదికి ఒక్క వాక్యంలో ఇన్ని అస్త్రాలు వదలడం అందరివల్లా అయ్యే పని కాదు. 'యొక్క' అక్కడ ఊరికే కూర్చుంది. 'ప్రముఖ' నుంచి 'ప్రాముఖ్యం' పుట్టడంతోనే పని అయిపోయింది. దానికి మళ్లీ 'త' తగిలించారు, టోపీ మీద తలపాగా చుట్టినట్టు. పైగా ప్రశ్నేమో 'వ్రాయుము' అని శాసిస్తుంది, జవాబేమో వాడుక భాషలో ఉండాలంటారు. పిల్లాడు ఇద్దరికీ మర్యాద చేసి 'నేను ఊరికి వెళ్లితిని, అక్కడ మామిడిపళ్లు తిన్నాను' అని రాస్తాడు. మార్కు కోత వాడికే. ప్రశ్నపత్రానికి కోత వేసే నాథుడు లేడు.

మన దిద్దుబాటంతా అక్షరాల మీదే. 'విద్యార్థి'లో 'థ' పొట్టలో చుక్క మరిచిపోతే చాలు, ఎర్రసిరా సున్నా చుట్టేస్తుంది. అదే పేజీలో 'మా ఊరు ఒక చెరువును కలిగి ఉంది' అని ఉంటే పక్కన నిండైన టిక్కు. ఒత్తులూ దీర్ఘాలూ క్షేమంగానే ఉన్నాయి మరి! ఏ పిల్లాడూ వాళ్లమ్మ దగ్గరికెళ్లి 'నేను ఆకలిని కలిగి ఉన్నాను' అనడు. ఈ జబ్బు బడిలోనే అంటుకుంటుంది.

ఇంకో వాక్యం చూడండి: 'నేను బడికి వెళ్లి గంట కొట్టారు.' అక్షరదోషం ఒక్కటీ లేదు, అందుచేత ఇదీ పాసే. వెళ్లిందెవరు, కొట్టిందెవరు? 'వెళ్లి, తిని, చూసి' లాంటి అసమాపక క్రియ వాడితే, ఆ పనీ చివరి పనీ మామూలుగా ఒకే కర్తవి కావాలి. వాడు చెప్పాలనుకున్నది 'నేను బడికి వెళ్లేసరికి గంట కొట్టారు' అని. 'వానలు కురిసి పంటలు పండాయి' అంటే మాత్రం మనకు ఎబ్బెట్టుగా ఉండదు. అక్కడ కర్తలు వేరైనా, ఒకదానివల్లే రెండోది జరిగింది. ఇంత నాజూకైన సంగతి కూడా తెలుగింటి పిల్లాడి చెవికి తెలుసు. వాక్యం పైకి చదివించి 'గంట ఎవరు కొట్టార్రా?' అని అడిగితే వాడే నాలుక్కరుచుకుని దిద్దుకుంటాడు. కాకపోతే ఈ పద్ధతిలో పెద్ద చిక్కొకటుంది: మాస్టారు కూడా వాక్యం చదవాలి.

పదో తరగతికొచ్చాక ఇదే పిల్లాడు 'ఇది క్త్వార్థకం' అని గుర్తుపట్టి మార్కు కొట్టేస్తాడు. సొంతంగా రాయమంటే మళ్లీ బడికి వెళ్లి గంట కొట్టిస్తాడు.

ఇక 'బడు' ధాతువు వైభవం. 'గాంధీజీచేత 1930లో ఉప్పు సత్యాగ్రహం ప్రారంభించబడింది' అని రాస్తే సోషల్ మాస్టారు మెచ్చుకుంటారు. తెలుగు మాస్టారు ఒకడుగు ముందుకేసి, కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చమని పరీక్షలో అడిగి మరీ మార్కు వేస్తారు. కర్మణి మన నోట సహజంగా పలకదని ఒక పక్క చెబుతూనే. బజారుకొస్తే 'ఇచ్చట పిండి పట్టబడును', 'గదులు అద్దెకు ఇవ్వబడును', 'అప్పు ఇవ్వబడదు'. అప్పివ్వనని మొహం మీద చెప్పలేక కర్తను మాయం చేసిన కొట్టువాడి మొహమాటం అర్థం చేసుకోవచ్చు. 'ఇందుమూలముగా తెలియజేయడమైనది' అనే ఆఫీసుల అవసరమూ అలాంటిదే, రేపు అడిగితే చెప్పినవాడెవడో దొరక్కూడదు. పిల్లాడేం బాకీ ఉన్నాడని వాడిచేత కర్తను దాయిస్తున్నారు?

గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే, వాళ్లు మొక్కే వ్యాకరణం ప్రకారమే తప్పులు ఏరి చూపించాడు గిడుగు రామమూర్తి. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' అని దానికి పేరు కూడా పెట్టాడు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, 'హార్ధిక శుభాకాంక్షలు' అని ఇంత పొడుగు ఫ్లెక్సీ కట్టి. 'హార్దిక'లో 'ద'కు ఒత్తు లేదు. ఆ ఫ్లెక్సీ కిందే పిల్లల్ని నిలబెట్టి, వక్తృత్వ పోటీలో ఉచ్చారణ దోషాలకు మార్కులు కోస్తారు. నాయకుడి ఫొటో ఉన్న చోట ఎర్రసిరా ఎండిపోతుంది.

వాక్యం సంగతి పట్టించుకున్నవాళ్లు లేక కాదు. చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' 1975లోనే వచ్చింది. తరగతి గది మాత్రం ఇంకా 'రాముడతడు'ను విడగొట్టి ఉత్వసంధి అని మురిసిపోతూనే ఉంది. ఆ విడగొట్టినవాడు జన్మలో 'రాముడతడు' అని రాసే ప్రమాదం లేదు. ఒక వ్యాసంలో ఒక్క రకం తప్పే పట్టుకోండి, మిగతావి ఇవాళ్టికి వదిలేయండి అని ఎవరైనా అంటే క్రమశిక్షణ పోతుందంటారు. పేజీ నిండా సున్నాలు చుట్టిన కాగితాన్ని పిల్లాడు ఎలాగూ చదవడు, మార్కు చూసి మడిచి బ్యాగులో పడేస్తాడు. సిరా ఖర్చు తప్ప జరిగిందేమీ లేదు.

అయినా ఈ బెంగంతా పదో తరగతి దాకానే. ఇంటర్లో చేరగానే, మార్కులు దండిగా పడతాయని కాలేజీవాళ్లే సెకండ్ లాంగ్వేజీగా సంస్కృతం ఇప్పిస్తారు. ఆ రెండేళ్లూ పిల్లాడు తెలుగులో ఒక్క వాక్యం రాయడు కనక ఒక్క తప్పూ చేయడు. ఆ ఫీజు తల్లిదండ్రులు సంతోషంగానే కడుతున్నారు.