కంటి చుక్క, కోడలి కాఫీ

అత్తగారికి నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరగకుండా పొద్దున ఒక చుక్క, రాత్రి ఒక చుక్క వేసుకోమన్నారు. డార్జోలమైడ్, టిమోలాల్ రెండూ కలిపిన మందు. ఆవిడ ఒక్కదానితో ఊరుకునే మనిషి కాదు. అది జారిపోతే ఎలా అని రెండోది, అదీ జారిపోతే అని మూడోది. ఆపైన రెప్పలు టపటపలాడించి, చెంపల మీద కారింది పైటచెంగుతో తుడుచుకుని, "కాఫీ!" అని కేక.

కోడలు గ్లాసు తెచ్చి ఇచ్చేది. మొదటి గుక్కకే ఆవిడ మొహం ముడుచుకునేది.

"చేదు."

కోడలు చికోరీ మానేసి ఉత్త కాఫీగింజలే ఆడించుకొచ్చింది. చేదు. ప్యాకెట్ పాలు మాన్పించి గేదె పాలు పోయించుకుంది. చేదు. ఒక చెంచా పంచదార రెండు చెంచాలయింది. "చేదుకి తోడు వెగటు కూడానా?" అన్నారు అత్తగారు. మధ్యాహ్నం కాఫీ మాత్రం మారుమాట్లాడకుండా తాగేవారు. "అప్పటికి నిద్రమత్తు వదులుతుంది మహాతల్లికి" అని దానికీ కారణం చెప్పేవారు.

చివరికి కోడలు చేతులెత్తేసింది. పొద్దుటి కాఫీ ఆవిడే కలుపుకున్నారు. అదీ చేదే!

"మరి ఫిల్టరు తోమిందెవరు?" అన్నారు.

ఈ కబుర్లన్నీ కాకినాడలో ఉన్న కూతురికి ఏ రోజువి ఆ రోజు ఫోన్లో చేరిపోయేవి.

చెకప్పుకి కోడలే వెంటబెట్టుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు ఒత్తిడి చూసి, "మందేసుకున్నాక గొంతులో చేదుగా ఉంటోందా అమ్మా?" అని అడిగారు.

"మందు కాదు బాబూ చేదు, మా కోడలి కాఫీ!" అంటూ ఆవిడ మొదటి నుంచీ చెప్పుకొచ్చారు. కోడలు తల వంచుకుంది.

మందు ఎలా వేసుకుంటారో చూపించమన్నారు డాక్టరు. టపటపా మూడు పడ్డాయి.

"సీసాలోంచి పడే ఒక్క చుక్కే సుమారు 40 మైక్రోలీటర్లుంటుందమ్మా. కంట్లో పట్టేది 30 దాటదు. ఒక్క చుక్కకే కన్ను పొర్లిపోతుంది, మిగతా రెండూ దండగే. ఆ ఒక్కదాంట్లో కూడా కంటి లోపలికి ఇంకేది నూటికి అయిదు పాళ్లుండదు. ముక్కు పక్కన, రెప్పల అంచుల్లో ఒక్కో కంటికి రెండేసి బుల్లి తూములున్నాయి. మీరు రెప్ప కొట్టినప్పుడల్లా మందు వాటిలోంచి ముక్కులోకి, అక్కణ్ణుంచి గొంతులోకి దిగుతుంది. డార్జోలమైడ్ చేదు. అది గొంతులో ఉండగా అమృతం తాగినా చేదే.

"చేదుతో పోతే పర్లేదు. ముక్కు లోపలి పొరల నుంచి టిమోలాల్ తిన్నగా రక్తంలో కలుస్తుంది. దాంతో గుండె వేగం తగ్గొచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లకైతే ఊపిరే అందకపోవచ్చు. అందుకని ఒక్కటే చుక్క. వేసుకుని కళ్లు మూసుకోండి. రెప్పలు ఆడించకుండా, ముక్కు పక్కన ఈ మూల వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టండి. మందు కంట్లోనే నిలుస్తుంది."

ఇన్నాళ్లకి కోడలు తలెత్తింది.

మర్నాడు పొద్దున్నే పాత పొడి, పాత పాలు, ఒకే చెంచా పంచదారతో కాఫీ కలిపింది. అత్తగారు ఒకే చుక్క వేసుకుని, కళ్లు మూసుకుని, మూల నొక్కి పట్టి రెండు నిమిషాలు కూర్చున్నారు. కోడలు గ్లాసు అందించి అక్కడే నిలబడింది. కొడుకు పేపరు కిందికి దించాడు.

ఒక గుక్క. ఇంకో గుక్క. గ్లాసు ఖాళీ అయింది.

అత్తగారు ఫోనందుకుని కూతురికి చేశారు.

"ఇవాళ కాఫీ ఎంత బాగుందనుకున్నావే! అంత పెద్ద డాక్టరు ముందు కడిగేస్తే గానీ మీ వదినకి కాఫీ కలపడం రాలేదు!"