తాతగారి కుర్చీ: టీకా తాత్పర్యం

మూలము: ల ఆవో సీదస్ సుర్ ల సేజో. నేపో, సిదీజు సుర్ ల ప్లాంకోన్!

అవతారిక: భాష ఎస్పెరాంటో. 1887లో వార్సాలో జామెన్‌హోఫ్ అనే కంటివైద్యుడు 16 సూత్రాలతో ప్రకటించినది. పాణినికి 4000 దాకా పట్టాయి. ఈయన మందుచీటీ రాసినట్టు తేల్చేశాడు. మూలం నేనే రాసుకున్నాను. టీకకు మూలం దొరకనివాడికి వేరే దారేముంది?

ప్రతిపదార్థము: ల ఆవో = ఆ తాత; సుర్ ల సేజో = కుర్చీ మీద; సీదస్ = కూర్చుని ఉన్నాడు; నేపో = ఓరి మనవడా; సుర్ ల ప్లాంకోన్ = నేల మీదికి; సిదీజు = చతికిలబడు.

వ్యాకరణ విశేషములు: 'సిద్' ధాతువు కూర్చుని ఉండటాన్నే చెబుతుంది. తాత ఎప్పుడు కూర్చున్నాడో, ఎవరు కూర్చోబెట్టారో దానికి అక్కర్లేదు. 'అస్' వర్తమానం. కూర్చోవడమనే పని జరగాలంటే 'ఇజ్' చేరాలి: సిదీజి. ఇంకొకరిని కూర్చోబెడితే 'ఇగ్': సిదీగి. నిలబడే 'స్తారి'కీ, పడుకునే 'కూషి'కీ ఇదే పద్ధతి. గ్రంథవిస్తర భీతిచే వదిలేస్తున్నాను. అందరూ కలిసి కూర్చుంటే 'కున్సీదో', అనగా సభ. అందులో 'ఇజ్' లేకపోవడం గమనార్హం: మొదలైనట్టు ఎవరికీ గుర్తుండదు.

శంక: మనవడితో 'సీదు' అంటే ఒక అక్షరం ఆదా కదా?

సమాధానము: కాదు. 'సీదు' అంటే కూర్చున్నవాణ్ణి కూర్చునే ఉండమనడం. నిలబడి కుర్చీకేసి చూస్తున్న కుర్రాడికి అది చెప్పామా, కొంప మునుగుతుంది.

మన 'కూర్చున్నాడు'లో రెండు అర్థాలూ ఒకే చాప మీద సర్దుకున్నాయి. 'తాత కూర్చున్నాడు' అని కేక వినబడితే, ఇప్పుడే కూర్చున్నాడా, పొద్దుటి నుంచీ కదల్లేదా అన్నది వంటింట్లోంచి వచ్చి చూస్తేగాని తేలదు. సంస్కృతం 'ఆస్తే' అనీ 'ఉపవిశతి' అనీ రెండు వేర్వేరు ధాతువులను పోషించింది. అంత పెద్దింటికి ఆ ఖర్చు లెక్కలోది కాదు. డాక్టరుగారు ఒక్క ప్రత్యయంతో సంసారం గడిపారు.

'ప్లాంకోన్' చివరి నకారం ద్వితీయ. ఇక్కడ గమ్యాన్ని చూపుతుంది. తాత ఎక్కడికీ వెళ్లడం లేదు గనుక 'సేజో'కు నకారం లేదు. 'సిదీజి' పక్కన కూడా నకారం అక్కర్లేదనేవారున్నారు. వారి ప్రయోగమూ సాధువే; మనవడు ఎటు తిరిగీ నేల మీదే.

తాత్పర్యము: ఇంట్లో కుర్చీ ఒకటే.